షరతు ఎవరికి పెడుతున్నాం?

అందరికీ ప్రభువు పేరట వందనాలు.

మొదటి రాజులు 18వ అధ్యాయంలో కర్మెలు పర్వతం మీద ఏలీయా ప్రజలను అడిగిన ప్రశ్న ఇందాక చదువుకున్నాం. "యెన్నాళ్ల మట్టుకు మీరు రెండు తలంపుల మధ్య తడబడుచుందురు?" ఈ భాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. 450 మంది బయలు ప్రవక్తల గురించి, ఆకాశం నుంచి దిగిన అగ్ని గురించి విన్నాం. నా మనసు మాత్రం చాలా రోజులుగా ఆ వచనం చివర ఆగిపోయి ఉంది. ఏలీయా అంత సూటిగా అడిగితే జనులు "ప్రత్యుత్తరముగా ఒక మాటైనను పలుకకపోయిరి" అని ఉంది.

ఎందుకు పలకలేదు? వాళ్లకు యెహోవా అక్కర్లేక కాదు. ఆయన తమ పితరుల దేవుడు, ఐగుప్తు నుంచి తమను విడిపించినవాడు. ఆ సంగతి ఒక్కరు కూడా కాదనలేదు. కానీ అప్పటికి మూడేళ్లుగా కరువు. వాన కురిపించేది, పంట పండించేది బయలే అని చుట్టుపక్కల జనమంతా నమ్ముతున్నారు. పైగా ఆ ప్రవక్తలు యెజెబెలు రాణి బల్ల దగ్గర భోజనం చేసేవాళ్లు. పొలం వైపు చూస్తే బయలు, రాజనగరు వైపు చూస్తే బయలు. అలాంటప్పుడు యెహోవాను వదులుకోకుండా బయలును కూడా దగ్గర పెట్టుకుంటే పోయేదేముంది అనుకున్నారు. ఏలీయా ప్రశ్న వాళ్లను ఇబ్బంది పెట్టింది అందుకే. ఇద్దరూ కావాలి అనుకునేవాణ్ణి "ఇద్దరిలో ఎవరు" అని అడిగితే మౌనమే జవాబు.

యాకోబు తన పత్రికలో ఇలాంటి మనిషిని "ద్విమనస్కుడు" అన్నాడు. గ్రీకు మూలంలో ఆ మాటకు రెండు ప్రాణాలవాడు అని అర్థం. ఒక ఒంట్లో రెండు ప్రాణాలు. ఈ మాట బయట ఉన్నవాళ్ల గురించి రాసింది కాదు. ప్రార్థన చేసేవాడి గురించి రాశాడు, సంఘంలో కూర్చున్నవాడి గురించి రాశాడు. కాబట్టి ఇవాళ నేను లోకాన్ని తిట్టడానికి నిలబడలేదు. ఏ పార్టీకి ఓటు వేయాలో చెప్పడానికీ నిలబడలేదు. ఒకే ఒక్క విషయం మీ ముందు పెడతాను. మనకు లోకంలో చాలా బంధాలున్నాయి. దేశం ఉంది, భాష ఉంది, కుటుంబం, మనవాళ్లు అనుకునే గుంపు, మనకు నచ్చిన రాజకీయ పక్షం ఉన్నాయి. వీటిని ప్రేమించడం పాపం కాదు. కానీ ఈ ప్రేమకూ క్రీస్తు ప్రేమకూ పొత్తు కుదరని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు మనం షరతు ఎవరికి పెడతాం? "ఇంతవరకే, ఇక్కడి నుంచి కుదరదు" అని ఎవరితో చెబుతాం?

చాలామంది ఇక్కడ కైసరు నాణెం సంగతి ఎత్తుతారు. "కైసరువి కైసరునకును దేవునివి దేవునికిని చెల్లించుడి" అని ప్రభువే చెప్పాడు కదా, అంటే జీవితంలో సగం అటు, సగం ఇటు అని. ఆదివారం దేవునిది, మిగతా ఆరు రోజులు లోకానివి. ఆత్మ దేవునిది, ఓటూ జేబూ మనవి. కానీ ఆ నాణెం సరిగ్గా చూడండి. తిబెరి కైసరు కాలపు దేనారాలు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. వాటి మీద అతని తలబొమ్మ ఉంటుంది, దాని చుట్టూ "దైవమైన ఔగుస్తు కుమారుడు" అని అర్థం వచ్చే అక్షరాలు ఉంటాయి. అంటే పన్ను కట్టించుకునే రాజు దేవుని కుమారుడి హోదా కూడా అడుగుతున్నాడు. యేసు ఏమడిగాడు? "ఈ రూపమును పై వ్రాతయు ఎవరివి?" అని. రూపం కైసరుది కాబట్టి నాణెం కైసరుకు ఇచ్చేయమన్నాడు. మరి దేవుని రూపం దేని మీద ఉంది? ఆదికాండము మొదటి అధ్యాయం చదివినవాడికి జవాబు తెలుసు. దేవుడు తన స్వరూపమందు నరుని సృజించాడు. కైసరుకు వెళ్లేది నాణెం. దాన్ని పట్టుకున్న చేయి, ఆ చేయి గల మనిషి, అతని ఓటు, అతని కోపం, అతని నాలుక అన్నీ దేవునివే. పన్ను కట్టాలి, చట్టానికి లోబడాలి. రోమా 13లో పౌలు అదే చెప్పాడు. కానీ కైసరుకు ఇచ్చేది కొలత ప్రకారం ఇచ్చేది. దేవునికి ఇచ్చేదానికి కొలత లేదు.

ఈ తేడా బాగా తెలిసిన ఒక మనిషి గురించి చెబుతాను. కార్ల్ బార్ట్ అని స్విట్జర్లాండ్‌కు చెందిన వేదాంత పండితుడు. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. 1934లో ప్రభుత్వ ఉద్యోగులందరూ హిట్లర్‌కు విధేయులమని ప్రమాణం చేయాలని ఆజ్ఞ వచ్చింది. ప్రొఫెసర్లు కూడా చేయాలి. బార్ట్ అసలు చేయనని మొండికేయలేదు. చేస్తాను, కానీ "ఒక క్రైస్తవుడిగా నా బాధ్యతకు కుదిరినంత మేరకు" అనే అర్థం వచ్చే మాట చేరుస్తానన్నాడు. ఆ చిన్న మాట వాళ్లకు సరిపడలేదు. 1935లో ఉద్యోగం పోయింది, స్వదేశానికి వెళ్లిపోయాడు. ఒక్క షరతు! కైసరుకు షరతు పెట్టాడు, ఎందుకంటే క్రీస్తుకు షరతు పెట్టడం అతని వల్ల కాదు. అంతకు ముందు సంవత్సరం, 1934 మే నెలలో, బార్మెన్ అనే ఊళ్లో కొన్ని సంఘాల ప్రతినిధులు కూడి ఒక విశ్వాస ప్రకటన చేశారు. దాన్ని రాయడంలో ముఖ్యుడు బార్టే. మన జీవితంలో యేసుక్రీస్తుకు కాక వేరే ప్రభువులకు చెందిన భాగాలు కొన్ని ఉన్నాయని చెప్పే బోధను మేము తోసిపుచ్చుతున్నాం అని అందులో ఉంది. కొన్ని భాగాలు అనే మాట మనసులో పెట్టుకోండి. మనం దాచిపెట్టుకునేది ఎప్పుడూ కొన్ని భాగాలే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ప్రకటనలో యూదుల గురించి ఒక్క ముక్క కూడా లేదు. ఆ రోజుల్లో అన్నిటికంటే ముందు చెప్పాల్సింది అదే. చాలా ఏళ్ల తర్వాత బార్టే అది తన తప్పని ఒప్పుకున్నాడు. మంచి సాక్ష్యం ఇచ్చినవాళ్లకు కూడా కళ్లకు కనబడని మూల ఒకటి ఉంటుంది. మనకూ ఉంటుంది.

ఇప్పుడు ఇంకా వెనక్కి వెళ్దాం. క్రీస్తు శకం 250. రోమా చక్రవర్తి డెసియస్. సామ్రాజ్యం కష్టాల్లో ఉంది, సరిహద్దుల్లో యుద్ధాలు. దేవతల దయ తిరిగి రావాలంటే ప్రజలందరూ బలి అర్పించాలని ఆజ్ఞ వేశాడు. ప్రతి చోటా అధికారులు కూర్చున్నారు. మనిషి వచ్చి వాళ్ల ఎదుట ధూపం వేసి, పానార్పణం పోసి, బలిమాంసం రుచి చూడాలి. చూసినట్టు ఒక సర్టిఫికెట్ ఇస్తారు. ఐగుప్తు ఇసుకలో ఆ సర్టిఫికెట్లు 40కి పైగా దొరికాయి. ఒకదాంట్లో 72 ఏళ్ల వృద్ధుడు, కుడి కనుబొమ్మ మీద మచ్చ అని గుర్తులు కూడా రాసి ఉన్నాయి. మన గుర్తింపు కార్డుల్లాగే. కింద సారాంశం ఏమిటంటే, నేను ఎప్పుడూ దేవతలకు బలి అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట ఆజ్ఞ ప్రకారం అర్పించాను, దయచేసి సంతకం చేయండి.

కొందరు విశ్వాసులు అర్పించం అని చెరసాలకు వెళ్లారు, కొందరు చనిపోయారు. కార్తేజు పట్టణంలో చాలామంది ఎవరూ పట్టుకోకముందే పరుగెత్తుకుంటూ వెళ్లి అర్పించారు. సాయంత్రమైంది, రేపు రమ్మని అధికారులు పంపేస్తే కూడా ఇవాళే ముగించండి అని బతిమాలారట. అక్కడి బిషప్ సిప్రియన్ రాసిన మాట ఇది. చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. ఆ పరుగెత్తినవాళ్లు అంతకు ముందు ఆదివారం ఆయన ముందు కూర్చున్నవాళ్లే కదా.

కానీ నన్ను ఎక్కువ కలవరపెట్టేది మూడో రకం వాళ్లు. వీళ్లు బలి అర్పించలేదు. ధూపం వేయలేదు. అధికారికి డబ్బులిచ్చి, అర్పించినట్టు సర్టిఫికెట్ మాత్రం కొనుక్కున్నారు. వాళ్ల వాదన వినండి, మన గొంతులాగే ఉంటుంది. నా చేత్తో పాపం చేయలేదు, నా హృదయం ప్రభువుకే ఉంది, ఇది ఒట్టి కాగితం, పిల్లల కోసం, ఇల్లు పోకుండా ఉండడం కోసం. సిప్రియన్ వాళ్లను బలి అర్పించినవాళ్లతో సమానంగా చూడలేదు, దయతోనే మాట్లాడాడు. కానీ ఆ కాగితం తేలికైనది కాదన్నాడు. చేయని పనిని చేశానని ఒప్పుకోవడం కూడా ఒప్పుకోలే. నోటితో అనకపోయినా కాగితం అన్నది.

సహోదరులారా, మనల్ని ఇవాళ ఎవరూ ధూపం వేయమని అడగడం లేదు. చాలామందిని అడిగేది ఆ కాగితమే. నువ్వు మావాడివే అని ఒక గుర్తు చూపించు చాలు. పదిమందిలో ఒక మనిషిని అవమానిస్తుంటే నువ్వూ నవ్వు. అబద్ధమని తెలిసిన వార్తను నువ్వూ ఫోన్‌లో పది గ్రూపులకు పంపు. మన నాయకుడు చేసిన తప్పుకు ఒక వివరణ ఇవ్వు, అదే తప్పు అవతలివాడు చేస్తే న్యాయం, నీతి, వాక్యం అన్నీ గుర్తు చేసుకో. ఇవన్నీ చిన్న కాగితాలు. సంతకం పెట్టేటప్పుడు హృదయం ప్రభువుకే ఉందని అనుకుంటూనే పెడతాం.

కాగితం దగ్గర ఆగదు అని చెప్పడానికి ఇంకొక చరిత్ర చెప్పాలి. దక్షిణాఫ్రికా. 1857లో అక్కడి డచ్ రిఫార్మ్డ్ సంఘపు సినడ్, అంటే సంఘ పెద్దల సభ, సమావేశమైంది. అప్పటికి అక్కడ తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఒకే సంఘంలో ఉండాలనేదే సూత్రం. కానీ కొందరు తెల్లవాళ్లకు నల్లవాళ్లతో కలిసి ప్రభు బల్లలో పాలుపొందడం ఇష్టం లేదు. సినడ్ ఏమన్నదంటే, కలిసి ఉండడమే వాక్యానుసారం, కోరదగినది, అయినా "కొందరి బలహీనత" వల్ల అవసరమైన చోట వేరుగా కూడుకోవచ్చు. వాక్యం ఏం చెబుతుందో వాళ్లకు తెలుసు, దాన్ని రాసుకున్నారు కూడా. ఆ పక్కనే ఒక షరతు పెట్టారు. ప్రభువు బల్లకు షరతు! ఆ షరతు క్రమంగా అలవాటైంది. 1881లో వేరే సంఘమే ఏర్పడింది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రభుత్వం జాతి వివక్షను చట్టం చేసినప్పుడు సంఘంలో దానికి వాక్యాధారాలు వెతికేవాళ్లు తయారయ్యారు. ఎవరి బలహీనతను ఓర్చుకోవాలో కూడా గమనించండి. బల్ల దగ్గర నుంచి పక్కకు వెళ్లాల్సి వచ్చినవాడి నొప్పి ఆ తీర్మానంలో లెక్కకు రాలేదు. 1982లో ఆ వేరుచేయబడ్డ సంఘమే బెల్హార్ అనే చోట, విశ్వాసులను జాతిని బట్టి వేరుచేయడం తప్పని చెప్పే ఒక ఒప్పుకోలును సిద్ధం చేసింది, 1986లో ఆమోదించింది. 1857 నుంచి లెక్కపెడితే 129 ఏళ్లు.

అంతియొకయలో పేతురు చేసింది కూడా ఇదే. అన్యజనులతో కలిసి భోంచేస్తున్నవాడు, యెరూషలేము నుంచి తనవాళ్లు రాగానే వెనక్కి తగ్గి లేచిపోయాడు. బోధ మార్చలేదు, కుర్చీ మార్చాడు. పౌలు అందరి ముందు నిలదీశాడు, ఎందుకంటే కుర్చీయే బోధ.

ఇంత చెప్పాక కొందరికి టెన్షన్ రావచ్చు. అయితే లోకంలో ఏ పనీ చేయకూడదా, ఉద్యోగం, చదువు, ఎన్నికలు, అన్నీ వదిలేయాలా అని. వదలక్కర్లేదు. దానియేలును చూడండి. బబులోను వాళ్లు అతని పేరు మార్చేశారు, బెల్తెషాజరు అన్నారు. ఆ పేరుతోనే పిలిపించుకున్నాడు. కల్దీయుల భాష, విద్య నేర్చుకున్నాడు. ఆ రాజుల దగ్గరే పెద్ద ఉద్యోగం చేశాడు. కానీ రాజు భోజనం దగ్గర ఒక గీత గీశాడు, ప్రార్థన దగ్గర కిటికీ మూయలేదు. ఎక్కడ వంగాలో ఎక్కడ వంగకూడదో అతనికి ముందే తెలుసు. యిర్మీయా కూడా చెరలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాస్తూ, మీరు ఉన్న పట్టణపు క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థన చేయండి అన్నాడు. శత్రువు పట్టణం అది! క్రైస్తవుడు మంచి పౌరుడు కావాలి. అందరికంటే నమ్మకంగా పని చేయాలి.

సిరియా సైన్యాధిపతి నయమాను సంగతి కూడా నాకు చాలా ఓదార్పు. కుష్ఠు పోయాక రెండు కంచర గాడిదలు మోసేంత మన్ను అడిగి తీసుకుని, ఇక యెహోవాకే బలి అర్పిస్తానన్నాడు. వెంటనే ఒక భయం చెప్పుకున్నాడు. నా యజమాని రిమ్మోను గుడికి వెళ్లి నా చేతి మీద ఆనుకుని నమస్కరించేటప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, యెహోవా నన్ను క్షమించునుగాక అన్నాడు. ఎలీషా ప్రవక్త కోప్పడలేదు. "నెమ్మదిగలిగి పొమ్ము" అన్నాడు. ఇది మన రాజీలకు లైసెన్సు అని కొందరు వాడుకుంటారు, నేను ఒప్పుకోను. నయమాను అది మంచిదే అనలేదు, క్షమాపణ అడిగాడు. దాచలేదు, దేవుని మనిషి ముందు పెట్టాడు. నిన్న మొన్న విశ్వాసంలోకి వచ్చినవాడు చేసిన ఆ పని, ఏళ్ల తరబడి సంఘంలో ఉన్న మనం చేయగలమా? నేను ఫలానా చోట వంగుతున్నాను, నా కోసం ప్రార్థించండి అని ఎవరితోనైనా చెప్పగలమా?

నా సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక ఎన్నికల సమయంలో నేను ఒక పక్షాన్ని గట్టిగా నమ్మాను. ఇప్పటికీ అందులో కొన్ని విషయాలు సరైనవే అనుకుంటాను. మా ప్రార్థన గుంపులో ఒక సహోదరుడు అవతలి పక్షం. ఎంతో కాలంగా కలిసి మోకరించినవాళ్లం. ఆ మూడు నెలలూ ఆయన పేరు నా ప్రార్థనలోకి రాలేదు. కావాలని తీసేయలేదు, రాలేదు అంతే. ఫలితాలు వచ్చిన రోజు ఆయన ముఖం వాడిపోయి ఉంటే నాకు లోపల సంతోషం కలిగింది. ఆ సంతోషం చూసి నేనే భయపడ్డాను. నా సహోదరుడి దుఃఖం నాకు గెలుపు ఎప్పుడైంది? నా రెండో ప్రాణం ఆ రోజు నాకు కనబడింది. మరుసటి వారం ఆయన దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత తనూ నా పేరు వదిలేశానన్నాడు.

యెహోషువ యెరికో దగ్గర కత్తి దూసి నిలబడ్డ మనిషిని చూసి, నీవు మా పక్షమా, మా విరోధుల పక్షమా అని అడిగితే జవాబు "కాదు" అని వచ్చింది. యెహోవా సేనాధిపతిగా వచ్చానన్నాడు. దేవుడు తన ప్రజలను ప్రేమించి ఆ దేశాన్ని ఇస్తున్నాడు, అయినా మా పక్షం అనిపించుకోలేదు. యెహోషువ సాష్టాంగపడి, నా ఏలినవాడు తన దాసునితో ఏమి సెలవిస్తున్నాడు అని ప్రశ్న మార్చుకున్నాడు. మన జెండా మీద ప్రభువు పేరు రాసుకునే ముందు ఈ చోటు ఒక్కసారి చదవాలి. ప్రధాన యాజకులు పిలాతు ముందు "కైసరు తప్ప మాకు వేరొక రాజు లేడు" అన్నారు, పస్కా సిద్ధపాటు రోజున! తమ గుంపును, తమ స్థానాన్ని కాపాడుకోవాలనుకున్నవాళ్లు చివరికి చేరిన మాట అది.

ప్రభువు పన్నెండు మందిని ఏర్పరచుకున్నప్పుడు ఆ జాబితాలో మత్తయి ఉన్నాడు, పన్నులు వసూలు చేసినవాడు, అంటే పాలకుల మనిషి. జెలోతే అనబడిన సీమోను ఉన్నాడు, స్వజాతి కోసం రగిలిపోయేవాడు. బయట కలిస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకోని ఇద్దరు. వాళ్లు రాజకీయాలు మాట్లాడుకున్నారో లేదో సువార్తల్లో లేదు. ఒకే మేడగదిలో కూర్చున్నారని ఉంది. ఒకే రొట్టె విరిచి ఇస్తే తిన్నారు, ఒకే గిన్నెలోది తాగారు.

మరికొద్ది సేపట్లో మనం కూడా ప్రభువు బల్ల దగ్గరికి వస్తున్నాం. పాట పాడేలోపు కొంచెం సమయం ఇస్తాను. ఎవరి పేరైనా మీ ప్రార్థనలోంచి జారిపోయి ఉంటే, ఆ మనిషి ఈ గదిలోనే ఉంటే, లేచి వాళ్ల దగ్గరికి వెళ్లండి. బల్ల ఆగుతుంది. రొట్టె పంచేవాళ్లకు నేను చెప్పి ఉంచాను, అందరూ తిరిగి వచ్చి కూర్చునేదాకా మొదలుపెట్టవద్దని.